గోడ అవతలి పైపు

“నల్లా నీళ్లు వాడకానికి, క్యాన్ నీళ్లు తాగడానికి.” చౌటుప్పల్‌లో ఏ గడప తొక్కినా ఇదే మాట. చదువుకున్నవాళ్లూ అంటారు, చదువు లేనివాళ్లూ అంటారు. చుట్టం ఇంటికొస్తే క్యాన్ వంచి గ్లాసు నింపుతారు. నల్లా నీళ్లిస్తే మర్యాద తప్పినట్టు లెక్క. పసిపిల్లల పాల సీసా దగ్గర్నుంచి ముసలివాళ్ల మాత్రల దాకా అన్నిటికీ క్యానే. ఈ మాటను ఎవరూ వాదించి గెలిపించలేదు, కాదనేవాళ్లు లేక అదే నిలబడిపోయింది. నేను కాదంటున్నాను. ఇరవై ఏళ్ల కింద ఈ మాట నిజం. ఈరోజు తప్పు. ఈ తప్పు మన ఊరి నేలకూ నీటికీ చేటు చేస్తోంది, అంతకంటే ఎక్కువగా మన ఊరి హక్కుకు చేటు చేస్తోంది.

ముందుగా ఈ మాట ఎక్కడ పుట్టిందో ఒప్పుకోవాలి. భయం లేనిచోట పుట్టిన మాట కాదిది. ఉమ్మడి నల్లగొండ జిల్లా కింద ఉన్నది గ్రానైట్ రాయి. ఆ రాయిలోని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంది. నీళ్లు ఆ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి దాన్ని కరిగించుకుంటాయి. చేదబావి ఎండి బోరు లోతుకు పోయేకొద్దీ మన కడుపులోకి చేరిన ఫ్లోరైడ్ పెరిగింది. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఆ ఫ్లోరైడ్ వల్ల పళ్లకూ ఎముకలకూ వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు సంగతి వైద్య పత్రికకెక్కింది. 1945 నాటికి నిజాం రాష్ట్రంలోనూ ఉందని రాశారు. రాసినవాళ్లు రాశారు, తాగేవాళ్లు తాగుతూనే ఉన్నారు.

మా పెద్దమ్మ మెడ పక్కకు తిరిగేది కాదు. ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూసేది. నడుము ముందుకు వంగిపోయి, నడుస్తుంటే కళ్లు నేల మీదే ఉండేవి. బోనాల నాడు బోనం ఎత్తుకోలేక అరుగు మీద కూర్చుని చూసేది. పళ్ల మీద పసుపు చారలున్న పిల్లలు మా బడిలో ఎందరో. నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మా దిక్కు ఆడపిల్లలకు అలవాటు. అది సిగ్గు వల్ల వచ్చింది కాదు, నీళ్ల వల్ల వచ్చింది. ఇవన్నీ కళ్లారా చూసినవాణ్ని. బోరు నీళ్లంటే జనం జడుసుకుంటే తప్పని నేనెలా అంటాను?

నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో ఒక పద్ధతి కనిపెట్టి దానికి మన జిల్లా పేరే పెట్టింది. నల్లగొండ టెక్నిక్: పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లు తేర్చడం. ప్రపంచంలో పాఠ్యపుస్తకాలకెక్కిన పేరు. ఆ పేరిచ్చిన జిల్లాలో మాత్రం రోజూ బకెట్లో పటిక కలిపి, కలియబెట్టి, తేరేదాకా కాచుకునే ఓపిక, కూలికి పోయే ఇంట్లో ఎవరికుంటుంది? ఆ తర్వాత హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు తీసుకుపోవడానికి మన జిల్లా మీదుగానే పైపులు వేశారు. 2004 నుంచి ఆ పైపుల్లో మంచినీళ్లు మన పొలాల పక్కనుంచే పట్నం పోయాయి. పైపు పక్కన చాలా ఊళ్లు బోరు నీళ్లే తాగాయి.

అందుకే బోరు నీళ్లను వడగట్టే ఆర్ఓ ప్లాంటు వచ్చినప్పుడు జనం దాన్ని దేవుడిలా చూశారు. స్వచ్ఛంద సంస్థలు పెట్టాయి, దాతలు పెట్టారు, పంచాయతీలు పెట్టాయి. కొద్ది రూపాయలకు బిందెడు నీళ్లు, ఫ్లోరైడ్ లేకుండా. ఆ రోజున అది ప్రాణం పోసింది. ఆ ప్లాంట్లను నేను తప్పుపట్టను. ఎవరైనా తప్పుపడితే ఎదురు నిలబడతాను.

కానీ 2015 జూన్ 8న ఏం జరిగింది? మిషన్ భగీరథకు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ పైలాన్ ఆవిష్కరించింది ఎక్కడో కాదు, మన చౌటుప్పల్‌లోనే. రాష్ట్రంలో ఇన్ని ఊళ్లుండగా ఈ ఊరినే ఎంచుకున్నారంటే, అది ఫ్లోరైడ్ నేల అన్న గుర్తింపు వల్లనే. 40 వేల కోట్ల రూపాయలకు పైబడిన అంచనాతో నదుల నీళ్లు శుద్ధిచేసి ఇంటింటికీ తేవాలని, పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్లు, మున్సిపాలిటీలో 135 లీటర్లు ఇవ్వాలని లెక్క. 2015లో తెలంగాణలో 967 ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలుంటే, 2020 ఆగస్టు నాటికి ఒక్కటీ లేదని కేంద్ర ప్రభుత్వమే చెప్పింది. ఆ సున్నాను అక్షరాలా నమ్మమని నేను అడగను. పైపు పగిలిన రోజులున్నాయి, నీళ్లు రాని వారాలున్నాయి. కానీ నల్లాలో వస్తున్నది ఇప్పుడు రాతి కింది నీరు కాదు, నది నీరు. మన భయం పుట్టింది బోరు మీద. బోరు నీళ్ల మీది భయాన్ని తెచ్చి నది నీళ్ల మీద రుద్దాం. ఇంకా విచిత్రం, భయపడి మనం కొనుక్కుంటున్న క్యాన్‌లోని నీళ్లెక్కడివి? చాలా ప్లాంట్లలో అవి బోరువే. ఏ నీళ్లకు జడుసుకున్నామో ఆ నీళ్లనే వడగట్టించుకుని, డబ్బిచ్చి తెచ్చుకుంటున్నాం. నది నీళ్లతో బట్టలుతుకుతున్నాం.

ఒకసారి ప్లాంటు లోపలికి పోయి చూడండి. చిన్న రేకుల గది. మూలన మోటారు గుయ్యిమంటుంటుంది. ఇసుక సిలిండరు, బొగ్గు సిలిండరు, ఆ పైన అడ్డంగా మూడు నాలుగు తెల్లటి గొట్టాలు. వాటిల్లోనే ఉంటుంది నీళ్లు వడగట్టే పొర, మెంబ్రేన్. అక్కణ్నుంచి రెండు పైపులు బయలుదేరతాయి. ఒకటి స్టీలు ట్యాంకులోకి పోతుంది. అందరి కళ్లూ దాని మీదే. రెండోది గోడకు పెట్టిన బొక్కలోంచి అవతలికి పోతుంది. నేను గోడ అవతలికి వెళ్లాను. పైపు ఆగకుండా పారుతోంది. కింద మట్టి మీద నీళ్లు ఆరినచోట తెల్లటి పొర కట్టి ఉంది, సున్నం జల్లినట్టు. వేలితో గీకితే పొడి రాలింది.

“ఆ నీళ్లెటు పోతయ్ తమ్మీ?” అని క్యాన్లు నింపుతున్న పిల్లవాణ్ని అడిగాను.

“మోరీలకే సార్. అవి పనికిరావు గద.”

పనికిరాని ఆ నీళ్లెన్ని? ఇంట్లో గోడకు తగిలించుకునే మిషన్ అయితే లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు వదిలేస్తుంది. ప్లాంటు దానికంటే మెరుగు. సగానికి సగం అనుకుందాం. ఇరవై లీటర్ల క్యాన్ నిండితే ఇరవై లీటర్లు మోరీ పాలు. వెయ్యి ఇళ్లు రోజుకొక క్యాన్ తెప్పించుకుంటే రోజుకు 20 వేల లీటర్లు, ఏడాదికి 73 లక్షల లీటర్లు. ఇక ఫ్లోరైడ్ సంగతి. బోరు నీళ్లలో లీటరుకు 3 మిల్లీగ్రాములుంటే, సగం నీళ్లు శుభ్రపడి అటు పోయాక మిగిలిన సగంలో దాదాపు 6 మిల్లీగ్రాములవుతుంది. తాగేనీటికి భారతీయ ప్రమాణం 1 మిల్లీగ్రాము, వేరే దిక్కు లేనప్పుడు గరిష్ఠంగా 1.5. ప్లాంటు ఫ్లోరైడ్‌ను మాయం చెయ్యదు. ఒక సగంలోంచి తీసి రెండో సగంలో కూరుస్తుంది. ఆ రెండో సగం మోరీలోంచి పల్లానికి, పల్లంలోంచి మళ్లీ నేలలోకి పోతుంది.

నేలలోకి ఇంకితే ఏమవుతుందో తెలుసుకోవడానికి దూరం పోనక్కర్లేదు. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐకి చౌటుప్పల్‌లోనే ప్రాంగణముంది. గట్టిరాతి నేలలో నీళ్లెలా కదులుతాయో అక్కడ బోర్లు వేసి చూస్తున్నారు. అదే సంస్థ శాస్త్రవేత్తలు ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి మహేశ్వరం దగ్గర ఏళ్ల తరబడి పరిశీలించారు. బోరు నీళ్లు తోడి మడికి పెడితే, ఎండకు ఆవిరైన నీళ్లు పోగా మిగిలినవి ఉప్పునూ ఫ్లోరైడ్‌నూ మోసుకుని తిరిగి కిందికి దిగుతాయి. అవే నీళ్లు మళ్లీ తోడుతాం, మళ్లీ దింపుతాం. తిప్పినకొద్దీ చిక్కబడుతుంది.

ఇక్కడొక మాట అడుగుతారని తెలుసు. వరిమళ్లకు తోడే నీళ్ల ముందు క్యాన్ నీళ్లెంత? నిజమే. సేద్యం ముందు అది పిసరంత. లీటర్ల లెక్క ఒక్కటే చూపి క్యాన్‌ను దోషిగా నిలబెట్టాలని నేను చూడటం లేదు. అసలు నా ఫిర్యాదు వేరే ఉంది, దానికి వస్తాను. అయితే మడికి పెట్టిన నీటికి గింజ పండుతుంది. ఇంటి ముందు నది నీళ్లు వస్తుండగా, తాగడానికని బోరు తోడి సగం మోరీకి వదలడానికి ఏ ఫలమూ లేదు.

“నల్లా నీళ్లు మందు వాసన కొడతాయి. క్యాన్ నీళ్లు తియ్యగా ఉంటాయి.” రెండో వాదన ఇది. ఆ మందు క్లోరిన్. ట్యాంకు నుంచి మీ ఇంటిదాకా కిలోమీటర్ల పైపులో క్రిమి పుట్టకుండా కాపలా కాసేది అదే. నల్లా చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రమాణం. అంటే కొంచెం వాసన ఉండటమే మంచిది. బిందెలోనో రంజన్‌లోనో పోసి మూత పక్కకు జరిపితే రెండు మూడు గంటల్లో ఆ వాసన చాలావరకు పోతుంది. ప్లాంటులోని బొగ్గు సిలిండరు క్లోరిన్‌ను పూర్తిగా తీసేస్తుంది. కాపలా లేని ఆ నీళ్లు, ఎన్ని చేతులు మారిందో తెలియని క్యాన్‌లో, ఎండలో ఆటో మీద తిరిగి, మీ వంటింట్లో మూడు రోజులుంటాయి. క్యాన్ లోపల గోడను ఎప్పుడైనా వేలితో తడిమారా? మూత తీసి చెయ్యి పెట్టి చూడండి, జిగట తగులుతుందేమో. ప్యాకేజ్డ్ నీళ్లకు ఐఎస్ 14543 అని ప్రమాణముంది. మీ ఇంటికొచ్చే క్యాన్ మీద ఆ గుర్తు ఉందేమో వెతకండి.

తీపి అంటారా, అది శుభ్రతకు గుర్తు కాదు. కాల్షియం, మెగ్నీషియం కూడా పోయిన నీళ్లు నాలుకకు అలా అనిపిస్తాయి. ఫ్లోరైడ్ దెబ్బ తిన్న ఎముకకు కాల్షియం కావాలి. ఆ కాల్షియాన్ని వడగట్టి పారబోసి, చప్పటి నీళ్లను ఆరోగ్యమని కొనుక్కుంటున్నాం. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే ఆర్ఓ వాడకాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మేలో కేంద్రానికి చెప్పింది. అంతకు మించిన చోట కూడా కనీసం 60 శాతం నీళ్లు దక్కేలా మిషన్లుండాలంది. కంపెనీలు ఊరుకోలేదు, సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. ఆ ఆదేశం మన వీధుల్లో ఎవరికీ తెలియలేదు. మిషన్ల ప్రకటనలు మాత్రం అందరికీ తెలుసు.

ప్లాస్టిక్ సంగతి చెబితే చాలామంది నవ్వేస్తారు, క్యాన్ తిరిగి వాడేదే కదా అని. నిజమే, సీసా కంటే క్యాన్ నయం. కానీ 2024 జనవరిలో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు సీసా నీళ్లు పరీక్షిస్తే లీటరుకు సగటున 2 లక్షల 40 వేల ప్లాస్టిక్ రేణువులు తేలాయి. అందులో కొంత సీసాది. మరికొంత, నీళ్లు వడగట్టే మెంబ్రేన్‌లో వాడే పదార్థం. వడగట్టే జల్లెడే నీళ్లలో రాలుతోందన్న అనుమానం అది. సీసాల విషయంలో మనకు అడ్డే లేదు. 2022 జూలై 1 నుంచి దేశంలో ప్లాస్టిక్ గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు నిషేధించారు కానీ నీళ్ల సీసా ఆ జాబితాలో లేదు. హైవే పక్కన ఏ ఫంక్షన్ హాల్లో పెళ్లి అయినా విస్తరి పక్కన గుప్పెడంత సీసా పెడుతున్నారు. రెండు గుక్కలు తాగి లేస్తారు. మర్నాడు పొద్దున హాలు వెనక్కి పోతే సగం నీళ్లున్న సీసాలు కుప్పలుగా ఉంటాయి. స్టీలు జగ్గు పట్టుకుని బంతి వెంట తిరిగే పిల్లలు ఏమైపోయారు? జగ్గుతో వడ్డిస్తే పెళ్లివారికి తక్కువతనమని ఎవరు చెప్పారు మనకు?

ఇప్పుడు అన్నిటికంటే గట్టి వాదన. “ఊరి చుట్టూ మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు. వాటి వ్యర్థం ముందు మా ఇంటి క్యాన్ ఏ పాటిది? పెద్దవాళ్లను వదిలేసి మామీద పడతారేం?” ఈ మాట అన్నవాళ్ల మీద నాకు గౌరవముంది. చౌటుప్పల్ మండలంలో, పక్కన భూదాన్ పోచంపల్లి దిక్కున, బావి నీళ్లు రంగు మారాయని, వాసన వస్తున్నాయని రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి వదిలిన నీళ్లు పరీక్షిస్తే, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఒక్కటే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మందుల పరిశ్రమ ఉన్న చోట నీళ్లకు ఏమవుతుందో ఇంతకంటే రుజువు అక్కర్లేదు. కంపెనీలను అడగాల్సిందే, ఇంకా గట్టిగా అడగాలి.

అడిగేదెవరు? ఇదే నా అసలు ఫిర్యాదు. తన బావిలో నీళ్లు తాగే మనిషి రంగు మారిన రోజే కేకేస్తాడు. తన నల్లాలో నీళ్లు తాగే మనిషి బురద వచ్చిన పూటే కౌన్సిలర్ ఇంటికి పోతాడు. ఆటోలోంచి దిగిన క్యాన్ తాగే మనిషికి బావి ఏమైనా, నల్లా ఏమైనా నొప్పి తెలియదు. కంపెనీ మీద కోపముంటుంది, కానీ ఆ కోపం నాలుక మీదికి రాదు. క్యాన్ మన నోటినుంచి ఊరి నీళ్లను తప్పించింది. దాంతో ఊరి నీళ్ల గురించి మాట్లాడే నోటినీ తప్పించింది. కంపెనీల వాదన చేసేవాళ్లు ముందు ఇది ఆలోచించాలి. ఆ కంపెనీలకు మన క్యాన్ కంటే మంచి చుట్టం లేదు.

ఒకప్పుడు ఈ జిల్లా ఎలా మాట్లాడిందో గుర్తు చేసుకుందాం. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. వాళ్లలో చాలామంది నిలిచింది పదవి కోసం కాదు, ఫ్లోరైడ్ నీళ్ల సంగతి దేశానికి తెలియాలని. జలసాధన సమితి పిలుపు మీద మామూలు రైతులు, ఫ్లోరోసిస్ బాధితులు 500 రూపాయల డిపాజిట్ కట్టి నామినేషన్ వేశారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. ఆ తర్వాత పార్లమెంటు చట్టం మార్చి డిపాజిట్‌ను 10 వేలకు పెంచింది. చేతిలో డబ్బు లేనివాళ్లు, నడుములు వంగినవాళ్లు, ఒక్క జిల్లా బాధతో దేశం మొత్తం ఎన్నికల పద్ధతినే కదిలించారు. మర్రిగూడ మండలం శివన్నగూడెం వాసి అంశల స్వామి తన వంకరపోయిన దేహంతోనే ఢిల్లీ దాకా సాక్ష్యం చెప్పాడు. 2023 జనవరిలో చనిపోయాడు. వాళ్లడిగింది క్యాన్ కాదు. ఫ్లోరైడ్ లేని నీళ్లు అడిగారు. ఆ నీళ్లు నల్లాలో వచ్చాయి. వచ్చాక మనం వాటితో గిన్నెలు తోముతున్నాం.

“నా డబ్బు, నా క్యాన్, నీకేం?” అనేవాళ్లూ ఉన్నారు. రోజుకు పది రూపాయలనుకున్నా ఏడాదికి 3,650. ఇచ్చుకోగలవాళ్లు ఇచ్చుకుంటున్నారు, అది వాళ్లిష్టం అనిపిస్తుంది. కానీ మా వాడలో చూస్తున్నాను. టీచర్లు, వ్యాపారులు, ఉద్యోగులు, నాయకులు, అంటే ఆఫీసుకు పోయి అడిగితే కుర్చీ వేసి మాట వినే ఇళ్లన్నీ క్యాన్‌కు మారాయి. నల్లా కింద బిందె పెట్టేది కూలి చేసుకునే ఇళ్లు, కిరాయి గదుల్లో ఉండే కంపెనీ కార్మికులు. నీళ్లు రాకపోతే అడిగే తీరిక వాళ్లకు లేదు, అడిగినా పట్టించుకునేవాళ్లు లేరు. ప్రభుత్వ బడిని మనం ఇలాగే పోగొట్టుకున్నాం. మన పిల్లల్ని తీసేసుకున్నాక ఆ బడి కప్పు కారితే మనకు తెలియలేదు. నీళ్లూ అదే దారిలో ఉన్నాయి. అందుకే ఇది వ్యక్తిగత ఇష్టమంటే నేను ఒప్పుకోను.

అందరూ రేపే క్యాన్ మానెయ్యమని అంటే అది అన్యాయం. భగీరథ నీళ్లు ఇంకా సరిగా అందని గూడెం ఉంటే, పైపు పగిలిన వారం బోరు నీళ్లు ట్యాంకులో కలుపుతున్న చోటుంటే, అక్కడ ఆర్ఓ నీళ్లే తాగాలి. ముఖ్యంగా గర్భిణులు, పిల్లలు. వాళ్లు క్యాన్ కొనుక్కోవాల్సి రావడమే ప్రభుత్వం చేసిన తప్పు. నా మాట మిగతావాళ్లకు. నల్లా నీళ్లు ఒక్కసారైనా పరీక్ష చేయించకుండా, ఎవరో అన్నారని పక్కన పెట్టినవాళ్లకు.

పరీక్ష పెద్ద పని కాదు. గ్రామీణ నీటి సరఫరా శాఖకు ల్యాబులున్నాయి, మామూలు జనం తెచ్చిన నీళ్లు కూడా పరీక్షిస్తాయి. చిన్న కిట్టుతో ఫ్లోరైడ్ చూడటం బడిపిల్లలకూ వచ్చు. సీసాలో నీళ్లు పోసి చుక్క మందు వేస్తే గులాబీ రంగు నిలిచిందంటే ఫ్లోరైడ్ తక్కువ, పసుపుకు తిరిగిందంటే ఎక్కువ. మా వాడలో ఒక ఆదివారం నాలుగు గ్లాసులు వరుసగా పెట్టి చూశాం: నల్లా నీళ్లు, పాత బోరు నీళ్లు, క్యాన్ నీళ్లు, ప్లాంటు గోడ అవతలి పైపు నీళ్లు. నల్లా గ్లాసు, క్యాన్ గ్లాసు పక్కపక్కన గులాబీ రంగులోనే ఉన్నాయి. బోరు గ్లాసు పసుపుకు తిరిగింది. నాలుగో గ్లాసు అంతకంటే ముదురు పసుపు. చూడటానికొచ్చిన ఆడవాళ్లలో ఒకామె నాలుగో గ్లాసును చాలాసేపు చూసి, “ఇది మళ్ల మన బోర్లకే దిగుతదా అన్నా?” అని అడిగింది. అవునన్నాను.

మీ వాడలోనూ ఆ నాలుగు గ్లాసులు పెట్టండి. నల్లా నీళ్లు బాగున్నాయని తేలితే రేపట్నుంచి అవే తాగండి, ఇంటికొచ్చిన చుట్టానికీ అవే ఇవ్వండి. బాగాలేవని తేలితే ఆ కాగితం పట్టుకుని పదిమంది కలిసి మున్సిపల్ ఆఫీసుకు పోండి. ఏది తేలినా, ఏ తారీఖున ఎంత ఫ్లోరైడ్ ఉందో ట్యాంకు గోడ మీద అందరికీ కనిపించేలా నెలనెలా రాయించండి.